తుపానుల కాలం వచ్చేలోగా ఇల్లు సరిచూసుకుందాం

ఈ పేజీలలో సాధారణంగా బి.పి., షుగరు, గర్భిణీల ఆహారం వంటి విషయాలు చదువుతుంటారు. ఈసారి ఇంటి కప్పు గురించి, తలుపు గడియల గురించి, మంచినీళ్ల బిందె గురించి వ్రాస్తున్నాను. నర్సుకు ఇంటి కప్పుతో ఏమి పని అని మీరు అనుకోవచ్చు. తుపాను వెలిసిన మరునాటి నుండి క్యాజువాలిటీకి వచ్చేవారిని చూస్తే ఆ సందేహం ఉండదు. రేకు తగిలి చేయి తెగినవారు, కప్పు సర్దబోయి జారిపడి నడుము విరిగినవారు, కాలిలో మేకు దిగినవారు, పాము కాటు తిన్నవారు వస్తారు. వారం తిరగకముందే వాంతులు, విరేచనాలతో పిల్లలు వస్తారు. వీరిలో చాలామందిని ఆసుపత్రికి తెచ్చినది గాలి ఒక్కటే కాదు. తీరిక ఉన్నప్పుడు చేసుకోవలసిన పనిని ఆఖరి గంటలో చేయబోవడం, లేదా అసలు చేయకపోవడం.

మన తీరానికి తుపానులు ముఖ్యంగా రెండు కాలాలలో వస్తాయి. ఒకటి ఏప్రిల్, మే నెలలు. రెండవది అక్టోబరు నుండి డిసెంబరు వరకు. 1990లో మే 9న, 2010లో లైలా మే 20న వచ్చాయి. 1977 దివిసీమ ఉప్పెన నవంబరు 19న, బందరు దగ్గర తీరం దాటిన హెలెన్ 2013 నవంబరు 22న, మిచాంగ్ 2023 డిసెంబరు 5న, మొంథా 2025 అక్టోబరు 28న వచ్చాయి. కనుక ఇంటిని సంవత్సరానికి రెండుసార్లు, మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి పరీక్షించాలి. బి.పి. ఉన్నవారు ఒంట్లో బాగున్నా వచ్చి చూపించుకున్నట్టే, ఇల్లు బాగానే ఉన్నప్పుడే చూడాలి.

గాలి వేరు, నీరు వేరు

తుపాను అంటే ఒకే ప్రమాదం కాదు. గాలి, వాన, ఉప్పెన అని మూడు. వీటిలో మన ప్రాంతంలో ఎక్కువ ప్రాణాలు తీసినది ఉప్పెన. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు పట్టణం మీదికి వచ్చినప్పుడు సుమారు 30,000 మంది చనిపోయారని చరిత్ర చెబుతోంది. 1977లో నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల గ్రామాల మీదికి అయిదు మీటర్లకు పైగా ఎత్తున నీరు వచ్చిపడింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. ఆనాటి పెద్దవారు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. వారిని అడిగితే గాలి గురించి కంటే నీటి గురించే ఎక్కువ చెబుతారు.

1990 మే తుపాను కూడా అంతటి బలమైనదే. అది కృష్ణా నది ముఖద్వారానికి దగ్గరలోనే తీరం దాటింది. అయినా చనిపోయినవారు వెయ్యి మంది లోపే. వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. కాని పదివేలకు, వెయ్యికి మధ్య తేడా ఎలా వచ్చింది? ముందుగా హెచ్చరిక అందింది, లక్షలాది మంది ఇళ్లు వదిలి ఎత్తయిన చోట్లకు వెళ్లారు.

దీని నుండి మనం నేర్చుకోవలసినది ఒకటే. గాలి కోసం ఇంటిని గట్టి చేసుకోవాలి. ఉప్పెన వస్తుందంటే ఆ ఇల్లు ఎంత గట్టిదైనా వదిలి వెళ్లాలి. ఇల్లు బాగుచేసుకున్నాం గనుక ఉండిపోదాం అనుకుంటే అంతకంటే ప్రమాదం లేదు.

ఇంకొక విషయం కూడా తెలుసుకోవాలి. తుపాను తీరం దాటే చోటనే ఉప్పెన ఎక్కువ అనుకోకూడదు. మన తీరంలో గాలి సవ్యదిశకు వ్యతిరేకంగా తిరుగుతుంది. అందువలన తుపాను వచ్చే దారికి కుడి పక్కన, అంటే మనకు ఉత్తరపు పక్కన, గాలి సముద్రాన్ని గట్టు మీదికి నెడుతుంది. 1977లో తుపాను చీరాల, నిజాంపట్నం వైపు తీరం దాటింది. నీరు ముంచినది దివిసీమను. “బాపట్ల దగ్గర దాటుతుందట, మనకేమీ కాదు” అని ఎవరైనా అంటే నమ్మకండి. అప్పుడే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

గుడివాడ, పామర్రు వైపు వారికి ఉప్పెన భయం లేదు. వారికి ఈదురుగాలి, కుండపోత వాన, పొంగే డ్రెయిన్లతోనే ఇబ్బంది. నది ఒడ్డు లంకల వారికి పైనుండి వచ్చే వరద ఉంటుంది. ప్రకాశం బ్యారేజి వద్ద 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరకు వరద వచ్చింది. మీ ఇంటికి ఏ నీరు వస్తుందో, గతంలో ఎంత ఎత్తు వచ్చిందో పెద్దవారిని అడిగి గోడ మీద ఒక గీత గీసి పెట్టుకోండి. బియ్యం, కాగితాలు, మందులు ఆ గీతకు పైనే ఉండాలి. కొత్తగా ఇల్లు కట్టేవారు అరుగు మట్టం ఆ గీతకు పైకి తీసుకోవాలి.

కప్పు పరీక్ష

గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలికి నిలిచిన కప్పు 120 కిలోమీటర్ల గాలికి నిలుస్తుందని అనుకోకూడదు. పైగా గాలి కప్పును కిందికి నొక్కడం కంటే పైకి లాగడమే ఎక్కువ. అందువలన కప్పుకు బరువు కంటే కట్టు ముఖ్యం.

తాటాకు ఇల్లు: నిట్రాడు, గుంజలు నేలలో ఉన్న భాగం చెదలు పట్టిందేమో గునపంతో పొడిచి చూడండి. మెత్తగా ఉంటే మార్చండి. వాసాలను దూలానికి కట్టిన తాళ్లు పాతవైతే కొత్తవి కట్టండి. కప్పు మొత్తం మీద లావు తాడును నిలువుగా, అడ్డంగా వలలాగా వేసి, కొసలను నేలలో లోతుగా పాతిన గట్టి మేకులకు బిగించండి. చూరు ఎక్కువ బయటికి ఉంటే గాలి దాని కింద దూరి కప్పును లేపుతుంది. మూరెడు మించకుండా చూసుకోండి.

పెంకుటిల్లు: ముందుగా లేచేవి అంచుల పెంకులు, వెన్ను మీది పెంకులు. వీటిని సిమెంటుతో కూర్చోబెట్టించండి. పగిలినవి మార్పించండి.

రేకుల ఇల్లు: ఉప్పు గాలికి హుక్కులు, బోల్టులు లోలోపలే తుప్పు పడతాయి. కిందనుండి టార్చి వేసి ఒక్కొక్కటి చూడండి. తుప్పు పట్టినవాటి స్థానంలో జింకు పూత పూసినవి వేయించండి. అంచులలో, మూలలలో బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. కప్పు మీద ఇసుక బస్తాలు ఊరికే పెడితే లాభం లేదు. కట్టని బస్తా గాలికి జారి కిందనున్నవారి మీద పడుతుంది. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకండి. అది విరిగి కింద పడితే వెన్నుపూసకు దెబ్బ తగులుతుంది. నిచ్చెన అడ్డంగా పరచి దాని మీద నడవాలి. ఈ పని తెలిసిన మేస్త్రీ చేత, ఎండ ఉన్న రోజున చేయించండి. హెచ్చరిక వచ్చాక, గాలి మొదలయ్యాక ఎవరూ కప్పు ఎక్కవద్దు.

డాబా ఇల్లు: శ్లాబు కింద పెచ్చులు ఊడి ఇనుము కనిపిస్తే తుప్పు గీకించి పూత వేయించండి. బీటలు పూడ్పించండి. పైన నీరు పోయే తూములలో ఆకులు తీయించండి. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు ఖాళీగా ఉంటే ఎగిరిపోతుంది. తుపాను వస్తుందంటే దానిని నింపి, మూత బిగించి, తాడుతో కట్టండి. ఆ నీళ్లు తరువాత వాడుకకు పనికి వస్తాయి.

వరండా: వరండా కప్పు ఇంటి కప్పుతో కలిసి ఉంటే, వరండా లేచినప్పుడు ఇంటి కప్పునూ లాక్కుపోతుంది. రెండూ విడిగా ఉండేటట్టు వేయించడం మంచిది.

తలుపులు, కిటికీలు: గడియలు, బందులు బిగించండి. తలుపుకు లోపల అడ్డగర్ర పెట్టుకునే ఏర్పాటు చేయండి. అద్దాల కిటికీలకు బయటనుండి చెక్క పలకలు బిగించాలి. అద్దం మీద టేపు అంటించినంత మాత్రాన అది పగలకుండా ఉండదు. గాలి ఎదురుగా వచ్చే వైపు అన్నీ మూసి, అవసరమైతే దానికి వ్యతిరేక దిశలో ఉన్న తలుపు గాని కిటికీ గాని మాత్రమే తెరవాలి.

ఇంటి చుట్టూ: ఇంటి మీదికి వాలిన కొమ్మలు, ఎండిన కొబ్బరి మట్టలు, ముదురు కాయలు దింపించండి. పెద్ద గాలిలో కొబ్బరి కాయ ఫిరంగి గుండు వంటిది. పెరటిలో విరిగిన రేకులు, పాత డబ్బాలు, కట్టెలు పోగుపెట్టి ఉంచకండి. అవి గాలికి ఎగురుతాయి, నీరు వస్తే వాటిలోనే పాములు చేరతాయి. మురుగు కాలువ పూడిక తీయించండి.

ఇంట్లో రోగి ఉంటే

“మాత్రలు ఏవమ్మా?” అని అడిగితే “సంచి నీళ్లల్లో పోయింది సిస్టరమ్మగారూ, తెల్ల మాత్ర ఒకటి, పసుపు మాత్ర ఒకటి” అని చెప్పేవారు చాలామంది. తెల్ల మాత్రలు వందల రకాలు ఉంటాయి. అందుచేత ఈ పనులు చేయండి.

పది రోజులకు సరిపడా మందులు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. మందుల చీటీని సెల్‌ఫోనులో ఫోటో తీసి, పొరుగూరిలో ఉన్న బిడ్డకో తమ్ముడికో కూడా పంపి ఉంచండి. మందులు, ఓ.పి. చీటీ, ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య బీమా కార్డు, పట్టాదారు పాసు పుస్తకం ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, గట్టిగా మూతి కట్టి, చేతికి అందే చోట ఉంచండి.

ఫిట్స్ మాత్రలు, టి.బి. మాత్రలు, గుండె మాత్రలు ఒక్క రోజు కూడా మానరాదు. ఆస్తమా ఉన్నవారి ఇన్‌హేలరు జేబులో ఉండాలి.

ఇన్సులిన్ వాడేవారు కరెంటు పోయిందని దానిని పారవేయకండి. వాడుతున్న సీసా ఎండ తగలని చల్లని చోట సుమారు నాలుగు వారాలు నిలవ ఉంటుంది. సీసాను ప్లాస్టిక్ కవరులో పెట్టి, తడి ఇసుకలో కూర్చోబెట్టిన చిన్న కుండలో ఉంచితే చల్లగా ఉంటుంది. ఐసు ముక్కలకు తగిలేలా పెట్టరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

డయాలిసిస్ చేయించుకునేవారు హెచ్చరిక రాగానే మీ యూనిట్‌కు ఫోను చేసి ఒక రోజు ముందు చేయించుకునే వీలుందేమో అడగండి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారు ఇంట్లో ఉండకూడదు. ముందే ఆసుపత్రికి చేరాలి.

నెలలు నిండిన గర్భిణీలు ప్రసవానికి రెండు వారాలే ఉందంటే, రోడ్లు బాగుండగానే ఆసుపత్రికి గాని, ఆసుపత్రి దగ్గరి బంధువుల ఇంటికి గాని రావాలి. “నొప్పులు వచ్చాక చూద్దాం” అంటే, రోడ్డు మీద చెట్టు పడి ఉన్నప్పుడు 108 కూడా రాలేదు.

మంచినీళ్లు

దివిసీమలో చాలా ఊళ్లకు భూమిలో నీరు ఉప్పు. మంచినీటి చెరువు, కుళాయి, డబ్బా నీళ్లు వీటి మీదే ఆధారం. తుపానులో చెరువులోకి ఉప్పునీరు, మురుగు చేరవచ్చు. కరెంటు లేకపోతే డబ్బా నీళ్ల ప్లాంటు ఆగిపోతుంది. మనిషికి రోజుకు తాగడానికి, వంటకు కనీసం నాలుగు లీటర్లు కావాలి. అయిదుగురు ఉన్న ఇంటికి మూడు రోజులకు 60 లీటర్లు. అంటే 20 లీటర్ల డబ్బాలు మూడు. హెచ్చరిక వచ్చిన రోజే నింపి మూతలు పెట్టండి.

తరువాత దొరికే నీటిని గుడ్డతో వడగట్టి, తెర్లుతూ మరిగించి, చల్లార్చి తాగండి. వంట చెరకు తడిసి మరిగించే వీలు లేకపోతే క్లోరిన్ మాత్ర వాడండి. సాధారణంగా అర గ్రాము మాత్ర 20 లీటర్లకు సరిపోతుంది. పొట్లం మీది కొలత చూసుకుని, వేసిన తరువాత అరగంట ఆగి తాగాలి. క్లోరిన్ సూక్ష్మక్రిములను చంపుతుంది గాని ఉప్పును తీయదు. ఉప్పగా ఉన్న నీరు పిల్లలకు పట్టకండి. వరద నీరు చేరిన బావిని ముందు తోడించాలి. ఆపైన ఎంత బ్లీచింగ్ పౌడరు వేయాలో ఆరోగ్య సిబ్బంది చేత కొలిపించి వేయించాలి.

పిల్లలకు విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లం వెంటనే కలిపి పట్టండి. పొట్లం లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి, కలపండి. చనుబాలు మానవద్దు. కళ్లు గుంటలు పడితే, మూత్రం రాకపోతే, మగతగా ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా తీసుకురండి.

కబురు వచ్చినప్పుడు

వాతావరణ శాఖ తుపాను తాకడానికి కనీసం 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. బందరులో తుపానులను గమనించే రాడారు ఉంది. ఓడరేవులో ఎగరవేసే ప్రమాద సూచికలు 1 నుండి 11 వరకు ఉంటాయి. 5, 6, 7 ప్రమాదాన్ని, 8, 9, 10 పెను ప్రమాదాన్ని తెలుపుతాయి. పదో నెంబరు అంటే తుపాను రేవు మీదుగా గాని, అతి దగ్గరగా గాని దాటుతుందని. 11 అంటే సమాచార సంబంధాలు తెగిపోయాయని.

రేడియో, టి.వి., సెల్‌ఫోనుకు వచ్చే ప్రభుత్వ సందేశాలను నమ్మండి, చేతినుండి చేతికి వచ్చే పుకార్లను కాదు. సెల్‌ఫోను, టార్చి ముందే చార్జి చేసుకోండి. 108, 112, రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లా కంట్రోల్ రూము 1077 నెంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టండి.

ఖాళీ చేయమని చెప్పగానే పగటి పూటే బయలుదేరండి. మెయిన్ స్విచ్, గ్యాసు రెగ్యులేటరు కట్టేయండి. పశువుల పలుపులు విప్పేయండి. కట్టి ఉన్న గేదె మునిగిపోతుంది, విడిచిన గేదె ఈదుకుంటూ మెరకకు చేరుతుంది.

మంచం మీద ఉన్న పెద్దవారిని మొదటి బండిలోనే పంపండి. “నా బ్రతుకు అయిపోయిందిరా, నన్ను వదిలేసి పిల్లలను తీసుకెళ్లండి” అని వారు అంటారు. ఆ మాట వినకండి. వారికోసం వెనక్కు వచ్చే కొడుకో కోడలో ఇద్దరూ చిక్కుకుపోతారు. అలాగే ఇంటి కాపలాకని ఒక మగమనిషిని ఉంచడం కూడా వద్దు. పోయిన సామాను మళ్లీ కొనుక్కోవచ్చు.

1977 తరువాత ప్రభుత్వమే కాక, మన సంఘాలకు తెలిసిన కాసా వంటి సంస్థలు కూడా తీర గ్రామాలలో తుపాను రక్షణ భవనాలు కట్టించాయి. మీ ఊరి భవనాన్ని సెప్టెంబరులోనే వెళ్లి చూడండి. తాళం ఎవరి దగ్గర ఉంది? మరుగుదొడ్డి పనిచేస్తోందా? మెట్లు, కడ్డీలు గట్టిగా ఉన్నాయా? నడవలేనివారు పైకి ఎలా ఎక్కుతారు? సంఘ పెద్దలు, యువకులు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేస్తే అది గొప్ప సేవ. పల్లంలో ఉన్న చర్చి గాని, బడి గాని గోడలు గట్టివని ఉప్పెనకు ఆశ్రయం చేసుకోకూడదు.

గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తెరిపి ఇస్తే తుపాను పోయిందని బయటికి రాకండి. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికే ఎదురు దిక్కునుండి అంతే గాలి తిరిగి వస్తుంది. అధికారులు చెప్పేవరకు కదలవద్దు.

వెలిసిన తరువాత

తెగిపడిన కరెంటు తీగను, అది ఆనుకున్న కంచెను, నీటి గుంటను ముట్టకండి. ఇల్లు తడిసి ఉంటే కరెంటు పనివాడు చూసేవరకు మెయిన్ వేయకండి. జనరేటరు ఇంటిలోపల, వరండాలో నడపరాదు. దాని పొగ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

చెప్పులు లేకుండా శిథిలాలలో నడవవద్దు. మేకు గాని రేకు గాని దిగితే సబ్బు నీళ్లతో బాగా కడిగి, టి.టి. ఇంజెక్షను కోసం రండి. పసుపు, పేడ, బూడిద పెట్టకండి. పుండు ఉన్న కాలితో నీళ్లలో తిరగవలసి వచ్చి, ఆ తరువాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీటివలన అటువంటి జ్వరం వస్తుంది.

పాముల విషయం మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. 2018 వర్షాకాలంలో దివిసీమలో ఎంతమంది పాము కాటుతో ఆసుపత్రులకు వచ్చారో మీకు గుర్తుండే ఉంటుంది. నీరు చేరితే రక్తపింజరి, నాగుపాము, కట్లపాము మెరక వెతుక్కుంటాయి. ఆ మెరక మన ఇల్లే. గడ్డివాము, కట్టెలు, పెట్టెలు కర్రతో తట్టి తీయండి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. కట్లపాము కాటుకు ఒక్కొక్కసారి నొప్పి, వాపు కూడా ఉండవు. తెల్లవారుజామున కడుపు నొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే పాము కాటేమోనని అనుమానించాలి. కోయకండి, పీల్చకండి, తాడు బిగించకండి. కాటు పడిన కాలిని గాని చేతిని గాని కదలకుండా బద్దకట్టి, నడిపించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకురండి. మందు ఇంజెక్షనులోనే ఉంది, మంత్రంలో లేదు.

వారం తరువాత దోమలు మొదలవుతాయి. కొబ్బరి చిప్పలు, టైర్లు, విరిగిన కుండలలో నిలిచిన నీరు పారబోయండి.

చివరిగా ఒక మాట. వీటన్నిటికీ ఒకేసారి డబ్బు పెట్టలేమని మీరు అనవచ్చు. నిజమే. కాని మందుల సంచి సర్దడానికి, గోడ మీద గీత గీయడానికి, రక్షణ భవనం తాళం ఎవరి దగ్గర ఉందో అడగడానికి ఖర్చు లేదు. ఈ వారం వాటితో మొదలు పెట్టండి. కప్పు తాళ్లు వచ్చే నెల చూసుకోవచ్చు. ఈసారి ఓ.పి.కి వచ్చినప్పుడు మీ మందుల సంచిని వెంట తెచ్చి మా సిస్టర్లకు చూపించండి. అందులో ఏమి తక్కువైందో వారు చూసి చెబుతారు.